కొలత కోసం నిలబడ్డ మనిషి

మెల్‌బోర్న్,
20 ఫిబ్రవరి 1999

గౌరవనీయులు ద్వారకానాథ్ గారికి,

నమస్కారాలు. మనకి ముఖపరిచయం లేదు. విజయవాడలో ఉండే మా లలితకుమారి పిన్ని మీ అడ్రసు ఇచ్చింది. మీ అక్కగారూ తనూ ఒకే వీధిలో ఉంటారట. "మాల్దీవుల్లో బందరు మాస్టారు ఒకాయన ఉన్నారు, పదకొండేళ్ళ నుంచీ అక్కడే. నీకు కావలసింది ఆయన దగ్గరే దొరుకుతుంది, రాయి" అని ఫోన్లో ఒకటే పోరు. పిన్నికి భూగోళం మీద ఇంత ఆసక్తి ఎప్పుడు పుట్టిందో నాకు తెలియదు.

నా పేరు కిరణ్మయి. ఇక్కడ యూనివర్సిటీలో భూగోళశాస్త్రం చెబుతాను. వినేవాళ్ళు మిగిలినంత వరకు చెబుతున్నాను అనడం సబబేమో. పిల్లలంతా కంప్యూటర్ల వైపు వెళ్ళిపోయారు. మా డిపార్ట్‌మెంటు మొదట ఒక అంతస్తు, తర్వాత ఒక కారిడార్, ఇప్పుడు ఫోటోకాపీ మిషన్ పక్కన రెండు గదులు. సముద్రం పెరిగితే దీవి ఎలా కుంచించుకుపోతుందో పాఠం చెప్పడానికి నేను మాల్దీవుల దాకా వెళ్ళనక్కర్లేదు.

అయినా వెళ్ళవలసి వచ్చింది, కాగితం మీదనే అయినా. హిందూ మహాసముద్రపు చిన్న దీవుల భవిష్యత్తు గురించి ఒక నివేదిక రాస్తున్నాను. లెక్కలకి ఉపేంద్ర అనే హైదరాబాదు ప్రోగ్రామరు సాయం. పగలు, తారీఖు మారగానే కంప్యూటర్లు ఆగిపోతాయంటున్నారే, ఒక బ్యాంకువాటిని ఆ రెండువేల సంవత్సరం గండం దాటించే పని, సాయంత్రం మా దీవుల పని. పుస్తకాల్లోని అంకెలు పాతవి. అక్కడే కాపురమున్న మనిషి మాట కావాలి.

మీ ఇల్లు సముద్రమట్టానికి ఎంత ఎత్తులో ఉంది? నీళ్ళు ఎక్కడివి, రుచి ఎలా ఉంటుంది? జనం ఏం చేసి బతుకుతారు, ఏం తింటారు, ఏవి పండుతాయి, ఏవి ఓడలో రావాలి? అన్నిటికంటే ముఖ్యం: ఇంకో ముప్ఫై ఏళ్ళు నిశ్చింతగా ఉండవచ్చునా? మొహమాటం లేకుండా రాయండి. నేను అన్నీ అడిగి తెలుసుకుంటే గాని ఒక నిర్ణయానికి రాలేని మనిషిని. తెలుసుకున్నాక కూడా రాలేనని మా పిన్ని అంటుంది.

ఇట్లు
కిరణ్మయి

తా.క. పిన్ని నా గురించి ఏం రాసిందో తెలియదు. అందులో సగం కొట్టేసి చదవండి.

•

కండుమతి దీవి, మాల్దీవులు,
24 మార్చి 1999

శ్రీమతి కాని, చిరంజీవి అనడానికి నా వయసు చాలీచాలని కిరణ్మయి గారికి,

ఉభయకుశలోపరి. మీ ఉత్తరం ఎండుచేపల పడవలో వచ్చింది. మీ చేతివ్రాతకి ఆ వాసన అంటలేదు. లలితకుమారి గారు ముందే అంతా రాశారు కనుక మీరేం సంకోచించనక్కర్లేదు. మీరు విషయాన్ని నడిపిన పద్ధతి నాకు చాలా నచ్చింది. మా అమ్మను చూడడానికి మా నాన్నగారి తరఫువాళ్ళు మినుములు కొనే వంకతో వచ్చారట. నిజమనిపించాలని రెండు బస్తాలు కొన్నారు కూడా. పెళ్ళయిన ఏడాది పొడుగునా మా నాన్నగారు మినపరొట్టే తిన్నారు. ఎందుకో గుర్తొచ్చి రాశాను.

ఇక మీరు అడిగినవి. ఈ దేశంలో దీవులు పన్నెండొందల దాకా ఉంటే మనుషులుండేవి రెండొందలు. మాది అందులో చిన్నది. ఈ చివర తుమ్మితే ఆ చివర ఆరోగ్యం ఎలా ఉందని అడుగుతారు. నా ఇల్లు సముద్రమట్టానికి మీటరున్నర ఎత్తు. నా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు. మీరు అడగలేదు, అయినా ఎత్తుల ప్రస్తావన వచ్చింది కనుక.

బతుకుతెరువు రెండు: టూనా చేప, టూరిస్టు. చేపని వల వేసి పట్టరు, వెదురుకర్ర గాలంతో ఒక్కొక్కదాన్నే పడవలోకి విసురుతారు. టూరిస్టులకి వేరే దీవులున్నాయి, వాళ్ళు మా కంట పడరు. మా పిల్లల అన్నలు అక్కడ పళ్ళేలు మోసి డబ్బు పంపుతారు. బియ్యం, పిండి, పంచదార, ఉల్లిపాయ అన్నీ ఓడలోనే. నేను చేప తినను. చేప తప్ప ఇంకేమీ లేని చోట ఆ నియమం పెట్టుకున్నందుకు ఊరంతా నన్ను జాలిగా చూస్తుంది. కాని మునగాకుంది, గుమ్మడి ఉంది, సీమపనస వేపుడు చేస్తే కందకి తీసిపోదు. వంట నేనే చేసుకుంటాను. ఇద్దరికి కూడా చేయగలను.

బావినీళ్ళు ఉప్పన. వాననీళ్ళు ట్యాంకులో పట్టుకుంటాం. కొబ్బరినీళ్ళకి కొదవ లేదు.

ముప్ఫై ఏళ్ళ సంగతి. నాకు యాభై ఒకటి. ముప్ఫైకి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. ఇరవై అయితే పరవాలేదు.

భవదీయుడు
ద్వారకానాథ్

తా.క. రక్తపోటు లేదు. షుగరు మాత్రం గట్టు మీద నిలబడి ఉంది.

•

మెల్‌బోర్న్,
25 ఏప్రిల్ 1999

ద్వారకానాథ్ మాస్టారికి,

నమస్కారాలు. మీ ఉత్తరం రెండుసార్లు చదివి, మూడోసారి ఉపేంద్రకి చదివి వినిపించాను. మిగతా దీవుల వాళ్ళు 'అంతా దైవాధీనం' అని రాస్తే, మీరొక్కరే ఇరవై ఏళ్ళు అని నిక్కచ్చిగా చెప్పారు. ఆ అంకె కంప్యూటర్లోకి వెళ్ళిపోయింది. షుగరు ఏ గడిలో వేయాలో మాత్రం ఉపేంద్రకి తెలియలేదు. దీవిలో వైద్యుడు లేడేమో, అందుకే చెప్పుకున్నారు అనుకున్నాం. తీపి తగ్గించండి.

మినుముల కథ బాగుంది. అక్కడ మినుములు దిగుమతి అవుతాయా?

ఇప్పుడొక పెద్ద సాయం కావాలి. ఫోటోలు. మీ ఇంటి వైపు ఒడ్డుని సముద్రం కోసిన చోట గట్టులా మెట్టు తేలి ఉంటుంది కదా, దాన్ని ఎదురుగా ఒకటి, పక్కనుంచి ఒకటి, ఉదయపు వెలుతురులో. కోత ఎంత లోతో తెలియాలంటే పక్కన ఒక మనిషి నిటారుగా నిలబడాలి. మీ ఎత్తు ఎలాగూ రాశారు కనుక మీరే నిలబడితే మేలు. మరీ దగ్గరగా వద్దు, పాదాల నుంచి తల దాకా పడాలి.

ఇంకొకటి. అంత దూరాన, సముద్రం మధ్యన ఉండడం వల్ల ఈ పదకొండేళ్ళలో మీకు జరిగిన నష్టం ఏమైనా ఉంటే దాచకుండా రాయండి. అడగడానికి ఇబ్బందిగానే ఉంది. కాని తెలియకుండా ముందుకు వెళ్ళలేను.

ఇట్లు
కిరణ్మయి

తా.క. ఉపేంద్ర ప్రోగ్రాంలో ప్రతి ప్రశ్నకీ 'అవును', 'కాదు' అని రెండే గడులున్నాయి. 'ఏమో' అనే గడి పెట్టమని వారం నుంచి బతిమాలుతున్నాను. "ఏమో అంటే మెషీన్ హ్యాంగ్ అయిపోతది మేడమ్" అంటాడు. నేను మాత్రం నలభై నాలుగేళ్ళుగా పనిచేస్తూనే ఉన్నాను.

•

కండుమతి,
6 జూన్ 1999

కిరణ్మయి గారికి,

ఇక్కడ కుశలం. అక్కడ మీరెలా ఉన్నారో మీ ఉత్తరాల్లో ఎక్కడా దొరకదు కనుక, కుశలమే అనుకుంటున్నాను.

ఫోటోలు జతపరిచాను. తీసినది మా లెక్కల మాస్టారు నజీముద్దీన్, మన గుంటూరు మనిషే. "ద్వారకా, ఏం పని మీద?" అన్నాడు. "కోత చూపించాలి" అన్నాను. "కోత చూపించడానికి గెడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకున్నవాడిని నిన్నే చూశాను" అన్నాడు. పక్కనుంచి తీసిన దాంట్లో పొట్ట కొంచెం కనిపిస్తుంది. గాలికి చొక్కా ఉబ్బింది. కొంత గాలి, కొంత నేను.

మీరు సూటిగా అడిగిన దానికి సూటిగానే చెప్పాలి. నష్టం ఒక్కటే. నా భార్య వసుంధర. ఆరేళ్ళయింది. కడుపునొప్పి అంది. రాజధాని మాలేలో ఆసుపత్రికి పడవలో తీసుకువెళ్ళాలి. ఆ వేళ నైరుతి గాలి. పడవ నడిపే అతను నా మొహం చూసి బయల్దేరాడు గాని, దారిలో ఒక దీవి దగ్గర ఆగక తప్పలేదు. ఆగిన చోటే అయిపోయింది. ఇక్కడ ఉండాలనుకునేవాళ్ళకి ఈ లోపం చెప్పకపోవడం మోసం. ఇప్పుడు పెద్ద మోటారు పడవలు వచ్చాయి. అయినా దూరం దూరమే.

తను ఉన్న రోజుల్లో పోటు తగ్గినప్పుడు మోకాళ్ళ లోతు నీళ్ళలోకి వెళ్ళి పగడాలు చూసేది. ఊదా, పసుపు, చిలకపచ్చ. పోయిన ఏడాది మే నెలలో నీళ్ళు వేడెక్కి అవన్నీ తెల్లబడిపోయాయి. ఇల్లు ఖాళీ చేసి సున్నం కొట్టించినట్టు ఉంది. చేపలు కొన్ని తిరిగి వచ్చాయి. రంగు రాలేదు. ఒకప్పుడు ఆ పగడాలే తవ్వి ఇళ్ళు కట్టారు వీళ్ళు, నా ఇంటి గోడా అదే. అందువల్ల నేనూ నేరస్థుడినే.

మంచి కబురు: రెండో ట్యాంకు కొన్నాను. ఇద్దరు మనుషులకి ఎండాకాలం గడుస్తుంది. ఇల్లు కూడా గాలి తక్కువ కొట్టే వైపుకి మార్చాను. పుస్తకాలకి బీరువా చేయిస్తున్నాను, పై అరలు ఖాళీ ఉంచాను.

నేనూ కొన్ని అడగవచ్చునా? మీ ఇల్లు సముద్రానికి ఎంత ఎత్తులో ఉంది? మీరు తాగే నీళ్ళు ఎలా ఉంటాయి? ఏం పండుతుంది? పిలిస్తే పలికే దూరంలో మనుషులెవరైనా ఉన్నారా?

భవదీయుడు
ద్వారకానాథ్

తా.క. తీపి మానేశాను. మీరు చెప్పారని.

•

మెల్‌బోర్న్,
11 జులై 1999

ద్వారకానాథ్ మాస్టారికి,

నమస్కారాలు. ఇక్కడ చలికాలం, వేళ్ళు వంగడం లేదు, గీతలు క్షమించండి.

మీ ఫోటోలు అద్భుతం. కోత అంచు ఇంత స్పష్టంగా ఏ నివేదికలోనూ చూడలేదు. రెండిటినీ కంప్యూటర్ పక్కన గోడకి అంటించాను. నిన్న ఉపేంద్ర "ఎవరు మేడమ్ ఈ అంకుల్?" అన్నాడు. "స్కేలు" అన్నాను.  అతను ఫోటోలో మీ నడుము దగ్గర గీత గీసి, మీ ఎత్తుతో పోల్చి, కోత ఎంత లోతో తేల్చాడు. ఆ అంకె మీద మిగతా లెక్క అంతా నిలబడి ఉంది.

రెండో ట్యాంకు వార్త చదివి కుర్చీలోంచి లేచాను. ముప్పు తెలుసుకుని మనుషులు తమంతట తాము సర్దుకోవడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు. ఇల్లు మార్చడం, ట్యాంకు కొనడం, రెండూ నివేదికలో చేర్చాను. మీకు ఆ ఆలోచన ఎందుకొచ్చిందో ఒక వాక్యం రాయగలరా?

వసుంధర గారి సంగతి చదివిన రోజు ఇంక ఏ పనీ చేయలేదు. ఏం రాయాలో తెలియలేదు. ఇప్పుడూ తెలియడం లేదు.

శనివారం కేరమ్ డౌన్స్ గుడికి వెళ్ళాను. గంట డ్రైవు. దర్శనం కంటే అక్కడి క్యాంటీన్ పులిహోర కోసం వెళ్ళేవాళ్ళే ఎక్కువ, అందులో నేనూ. శ్రీదేవి ఆంటీ అనే ఆవిడ ఎప్పటిలాగే "ఒక్కదానివే వచ్చావా?" అంది. "కారు కూడా వచ్చింది ఆంటీ" అన్నాను. అరిటాకు మీద పులిహోర తింటూ, సీమపనస వేపుడు ఎలా ఉంటుందో అనుకున్నాను. ఇది నివేదికకి పనికిరాని విషయం.

మీరు అడిగిన వాటికి ప్రభుత్వం వారి గణాంకాల పుస్తకం పంపుతున్నాను. మెల్‌బోర్న్ ఎత్తు, వర్షపాతం, పంటలు, జనసాంద్రత అన్నీ అందులో ఉన్నాయి.

నవంబరులో నివేదిక పూర్తవుతుంది. ఏం తేల్చానో ముందు మీకే పంపుతాను.

ఇట్లు
కిరణ్మయి

తా.క. ఫోటోలో జేబుకి ఉన్న పెన్ను మూత లేకుండా ఉంది. ఇస్త్రీ చొక్కాకి సిరా అంటి ఉంటుంది. నిమ్మరసం, ఉప్పు వేసి రుద్దండి.

•

కండుమతి,
3 అక్టోబరు 1999

కిరణ్మయి గారికి,

కుశలం. పుస్తకం అందింది. మెల్‌బోర్న్ సగటు వర్షం, గోధుమ దిగుబడి, చదరపు కిలోమీటరుకి మనుషులు ఎందరో చదివాను. పిలిస్తే పలికేవాళ్ళు అందులో ఎందరో మాత్రం పట్టికలో లేదు.

సిరా మరక పోయింది. నజీముద్దీన్ ఆ చొక్కా చూసి, "భూగోళం మాస్టరమ్మకి బట్టలు ఉతకడం కూడా తెలుసా?" అన్నాడు. తెలుసు అన్నాను, గర్వంగానే.

ట్యాంకు ఎందుకు కొన్నానో ఒక వాక్యం అడిగారు. ఇద్దరుంటారనుకుని కొన్నాను. ఇదే వాక్యం.

ఇంక నాన్చకుండా రాస్తాను. మీ పిన్నిగారు తలపెట్టిన సంబంధం విషయంలో నా వైపు నుంచి అభ్యంతరం లేదు. అభ్యంతరం లేదు అనేది మగపెళ్ళివారి మాట, అది మార్చి రాస్తాను: నాకు ఇష్టం. మీకు ఉద్యోగం ఉంది, ఊరు ఉంది. నేను అక్కడికి రావడమో, మీరు సెలవుల్లో ఇక్కడికి రావడమో, అవన్నీ తర్వాత. నాకు అర్థమైనంతలో, అర్థమైనట్టే రాస్తున్నాను. పొరపాటయితే నవ్వేసి ఊరుకోండి. నేనూ నవ్వుతాను.

ఊరిపెద్ద భార్య, ఆస్ట్రేలియా మేడమ్ ఎప్పుడొస్తుందని రేవు దగ్గర నన్ను రోజూ అడుగుతోంది. తెలియదు అంటున్నాను. దీవిలో తెలియనిది అదొక్కటే కనుక అందరికీ దాని మీదే ధ్యాస.

మీ
ద్వారకానాథ్

తా.క. సీమపనస కాపు డిసెంబరు దాకా ఉండేటట్టుంది. చెట్టుకి చెప్పి ఉంచాను.

•

మెల్‌బోర్న్,
22 నవంబరు 1999

ద్వారకానాథ్ మాస్టారికి,

నమస్కారాలు. మీ దగ్గర నుంచి జూన్ తర్వాత ఉత్తరం లేదు. గణాంకాల పుస్తకం పంపి విసిగించానేమో.

నివేదిక పూర్తయింది, విడిగా పార్సెల్లో పంపుతున్నాను. ప్రతి దీవి చివర ఒక్క ప్రశ్న: 'ముప్ఫై ఏళ్ళ నివాసానికి అనుకూలమా?' ఉపేంద్ర ఆఖరి దాకా 'ఏమో' గడి పెట్టలేదు. బ్యాంకు పనితో అతనికీ నిద్ర లేదు, డిసెంబరు ముప్ఫై ఒకటిన ప్రపంచం ఆగిపోతే తనని అంటారని భయం. అవును నొక్కాను, తీసేశాను. కాదు నొక్కాను, తీసేశాను. కోత లోతు అంకె చూపించి అతనే అన్నాడు, "కాదు అనే వస్తది మేడమ్, లెక్క అట్లుంది." మీ దీవి పేజీ ఇలా అచ్చయింది:

'అన్ని విషయాలూ పరిశీలించిన మీదట, ఇక్కడ దీర్ఘకాల నివాసం సిఫారసు చేయలేము. రెండో ట్యాంకు, ఇల్లు మార్చడం వంటి వ్యక్తిగత ప్రయత్నాలు మెచ్చుకోదగినవే గాని, ఆలస్యంగా జరిగాయి. ఉన్నవారు క్రమంగా వేరే చోటు చూసుకోవడం మేలు.'

నా మనసులో మాట ఇంత గట్టిది కాదు. కాని నివేదికలో మనసులో మాటకి చోటు లేదు. మీరు కోప్పడరని అనుకుంటాను. ఈ పని మొదలుపెట్టినప్పటి కంటే ఇప్పుడు ఆ దీవి మునగకూడదని నాకు ఎక్కువగా ఉంది. ఎందుకో తెలియదు.

ఇట్లు
కిరణ్మయి

తా.క. ముప్ఫై ఎనిమిదో పేజీలో మీ ఫోటో ఉంది. కింద 'కొలత కోసం: స్థానికుడు ఒకరు' అని వేశారు. మీ పేరు వేయమని అడిగాను. స్కేలుకి పేరు ఉండదన్నారు.

•

మెల్‌బోర్న్,
9 జనవరి 2000

ద్వారకానాథ్ గారికి,

ప్రపంచం ఆగలేదు. ఉపేంద్ర గండం గడిచింది. నా గండం నిన్న పోస్టులో వచ్చింది.

మీ అక్టోబరు ఉత్తరం. కవరు తడిసి, ఆరి, అప్పడంలా ఉంది. తపాలా సంచి ఉన్న పడవ ఇంజను పాడై వేరే దీవిలో ఉండిపోయిందని వెనకాల ఎవరో రాశారు. నిలబడే చదివాను. తర్వాత కూర్చుని, మీ పాత ఉత్తరాలన్నీ మొదటి నుంచి చదివాను. మినుముల బస్తాలు ఇప్పుడు అర్థమయ్యాయి. షుగరు, ఇద్దరికి వంట, బీరువాలో ఖాళీ అరలు అన్నీ అర్థమయ్యాయి. భూగోళశాస్త్రంలో నాకు డాక్టరేటు ఉంది.

పిన్నికి ఫోన్ చేశాను. "ఏదో పని వంకతో రాస్తుంది, అసలు సంగతి మీరే గ్రహించండి అని నేనే ఆయనకి రాశాను. నిన్ను నమ్ముకుంటే ఎప్పటికవుతుందే" అంది. "అది వంక కాదు పిన్నీ, అదే పని" అన్నాను. "పదకొండు నెలలు ఉత్తరాలు రాసింది పని మీదా?" అంది. ఫోన్ పెట్టేశాను.

మిమ్మల్ని క్షమాపణ అడగాలి. వసుంధర గారి సంగతిని నేను 'ఆరోగ్య సదుపాయాలు' అనే శీర్షిక కింద వేశాను. మీరు ఇష్టం అని రాస్తే నేను సిఫారసు చేయలేమని అచ్చు వేయించి పంపాను. ఆ ఉత్తరం ముందే వచ్చి ఉంటే ఆ పేజీ అలా రాసేదాన్ని కాదు. ఎలా రాసేదాన్నో మాత్రం తెలియదు.

మీరు అడిగిన వాటికి పుస్తకం పంపాను. ఇప్పుడు చెబుతాను. నా ఇల్లు రెండో అంతస్తు, సముద్రం కనబడదు. నీళ్ళు కుళాయివి, క్లోరిన్ వాసన. బాల్కనీలో కుండీలో కరివేపాకు పెంచుతాను, చలికాలం రాగానే ఆకు రాల్చి కూర్చుంటుంది. పిలిస్తే పలికే దూరంలో ఎవరూ లేరు. ఫ్రిజ్ ఉంది, అది అప్పుడప్పుడు గురక పెడుతుంది.

కాని మాస్టారూ, మీరు ఇష్టపడింది పిన్ని కల్పించిన మనిషిని. ఎంతో లౌక్యంగా, వంక పెట్టి, ఇల్లూ నీళ్ళూ ఆరా తీసిన ఆడమనిషి ఒకావిడ ఉందనుకుని రాశారు. అలాంటి ఆవిడ లేదు. నేను నిజంగానే నీళ్ళ కోసం నీళ్ళ గురించి అడిగాను. పొరపాటు మీద కట్టిన మాటకి మిమ్మల్ని పట్టి ఉంచడం న్యాయం కాదు. అందుకని, మీరు చెప్పినట్టే నవ్వేసి ఊరుకుందాం. నేను ప్రయత్నిస్తున్నాను.

ఇట్లు
కిరణ్మయి

తా.క. మీరెలా ఉన్నారు? ఇన్ని ఉత్తరాల్లో ఈ ఒక్కటీ అడగలేదని ఇప్పుడే చూసుకున్నాను.

•

మాలే,
18 ఫిబ్రవరి 2000

కిరణ్మయి గారికి,

బాగున్నాను. మీరు అడిగారు కనుక చెబుతున్నాను, లేకపోతే ఈ మాట కుశలోపరి కింద పోయేది.

మాలేలో ఒక స్నేహితుడి ఇంటి నుంచి రాస్తున్నాను. ఎల్లుండి విమానం. మీ నివేదిక డిసెంబరులో అందింది. మీ నవంబరు ఉత్తరం అప్పటికి చేరలేదు, చేతిలో సిఫారసు చేయలేము అన్న పేజీ మాత్రం ఉంది. చాలా మర్యాదగా కాదన్నారు అనుకున్నాను. బోట్స్‌వానా నుంచి ఉద్యోగం పిలుపు ఉంటే సంతకం పెట్టాను. ఏ వైపు నడిచినా సముద్రం తగలని దేశం. మీ సిఫారసుని ఇంత శ్రద్ధగా పాటించినవాడు ఇంకొకడు ఉండడు. పెట్టె కట్టేశాక మీ నవంబరు, జనవరి ఉత్తరాలు రెండూ కలిసి వచ్చాయి.

ఒక్క సంగతి మీకు తెలియాలి. మీరు లౌక్యంగా ఆరా తీస్తున్నారని నేను నమ్మింది జులై వరకే. ఏప్రిల్లో మీరు రాసిన మిగతా దీవుల వాళ్ళు కూడా ఆ వంకలో భాగమే అనుకున్నాను. జులైలో మీ యూనివర్సిటీ వాళ్ళు మా ప్రభుత్వానికి రాసిన ఉత్తరం నకలు మా హెడ్మాస్టరు గారికి వచ్చింది. ఆయన ప్రార్థన అయ్యాక పిల్లలందరి ముందూ చదివారు. అందులో మా దీవితో పాటు ఇంకో పదకొండు దీవుల పేర్లున్నాయి. మీరు ఒకేసారి పన్నెండు సంబంధాలు చూసే మనిషి కాదని నాకు అప్పుడే అర్థమైంది. నజీముద్దీన్ ఆ రోజు నన్ను వాళ్ళింటికి తీసుకువెళ్ళాడు. టీ తాగించాడు. అతను టీ తాగించడం అదే మొదలు.

అంటే అక్టోబరు ఉత్తరం పొరపాటున రాసింది కాదు. పొరపాటు పడ్డట్టు రాసింది. సూటిగా అడిగితే మీరు ఇబ్బంది పడతారు. పొరపాటు పడ్డవాడిని కాదనడం తేలిక, ఇద్దరమూ నవ్వేసి ఊరుకోవచ్చు. మా నాన్నగారి వాళ్ళకి మినుములు ఎలాగో, నాకు ఆ పొరపాటు అలాగ. నీళ్ళ కోసమే నీళ్ళ గురించి అడిగి, ఫోటోలో పెన్ను మూత చూసిన మనిషినే నేను అడిగాను. లౌక్యం ఉన్న ఆవిడ ఎవరో నాకు తెలియదు.

వంక మరీ బాగా కుదిరింది. మీరు దానికే జవాబిచ్చారు.

మిమ్మల్ని తప్పుపట్టడం లేదు. నేనూ 'ఏమో' గడి వెతికినవాడినే. ట్యాంకు బడికి ఇచ్చాను. ఎండాకాలం పిల్లలకి మంచినీళ్ళు. బీరువా నజీముద్దీన్‌ది. సీమపనస డిసెంబరు దాటి, జనవరి మొదటి వారం దాకా కాసింది. నేను చెప్పింది విందేమో.

భవదీయుడు
ద్వారకానాథ్

తా.క. ముప్ఫై ఎనిమిదో పేజీలో ఒక సవరణ చేయించండి. నా ఎత్తు అయిదడుగుల ఏడంగుళాలు కాదు, అయిదడుగుల అయిదే. కాబట్టి కోత మీరు లెక్క కట్టినంత లోతు లేదు, దీవికి ఇంకొంచెం ఆయుష్షు ఉన్నట్టే. ఆ రెండంగుళాలూ మీ కోసం కలిపినవి. ఇంక తీసేయవచ్చు.